ఆకు తిప్పి చూసే మనిషి

థర్లో బీక్‌మన్ పోయి పద్దెనిమిది రోజులైంది. అతని గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని చర్చివాళ్ళు నన్నడిగారు. ఈ మ్యాడక్ లోయలో ముప్పై రెండేళ్ళు పంతులమ్మగా చేశాను కనక నాకు మాటలు వస్తాయని వాళ్ళ నమ్మకం. వస్తాయి. మంచివే రావాలని ఎక్కడా లేదు. అతన్ని తలుచుకోగానే నాకు ముందుగా పుట్టేది ఈసడింపు, ఇప్పటికీ అంతే. చర్చివాళ్ళకి ఏదో నాలుగు ముక్కలు గిలికి ఇచ్చాను, వాళ్ళు సంతోషించారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నది కాదు.

మనిషి సన్నగా, పొడుగ్గా, మెడ ముందుకి చాచి, నేల మీద ఏదో పారేసుకున్నవాడిలా నడిచేవాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఒక పాట పాడగా ఎవరూ వినలేదు. రోజూ మధ్యాహ్నం తినేది రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఎండిపోయిన బ్రెడ్డు. గుడ్డు పెంకులు కూడా కాగితంలో చుట్టి జేబులో పెట్టుకునేవాడు. అన్నిటికంటే నాకు ఒళ్ళు మండించే అలవాటు ఇంకొకటుంది. పెళ్ళికొచ్చినా చావుకొచ్చినా గేటు దగ్గరే ఆగి, కంచె పక్కన ఏ మొక్క కనిపిస్తే దాని ఆకుని రెండు వేళ్ళతో పట్టుకుని, తిరగేసి, అడుగువైపు చూసి, అప్పుడుగానీ లోపలికి వచ్చేవాడు కాదు. పాస్టరుగారి భార్య పోయినప్పుడు శవపేటిక మీద పెట్టిన పూలగుత్తిలో ఆకులు కూడా తిప్పి చూశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మోచేత్తో ఒక్క పోటు పొడిచాను కూడా.

"ఏం చేస్తున్నారు?" అన్నాను పళ్ళ మధ్యనుంచి.

"ఏం లేదండీ. గులాబీకి బూజు పట్టింది. ప్రమాదం లేనిదే," అన్నాడు. నేనేదో భయపడి అడిగినట్టు ధైర్యం చెప్పాడు.

అతని ఉద్యోగం అలాంటిది. తెల్ల పైన్ చెట్లకి తుప్పు తెగులని ఒకటుంది. అది ఒకరకం బూజే. కాకపోతే పైన్ నుంచి పైన్‌కి నేరుగా పోలేదు, మధ్యలో అడవి గూస్‌బెర్రీ అనే ముళ్ళపొద ఆకు మీద కొన్నాళ్ళు కాపురముండాలి. వేసవిలో ఆ ఆకు అడుగున నారింజరంగు పొడిలా పుట్టి, ఆకు నుంచి ఆకుకి పాకుతుంది. చలి మొదలయ్యేసరికి గోధుమరంగు నూగుగా మారుతుంది. అక్కణ్ణించి గాలికి లేచి దగ్గరున్న పైన్ సూదాకుల్లో దూరుతుంది. మూడు నాలుగేళ్ళు చప్పుడుండదు. ఆ తరవాత ఒక వసంతంలో బెరడు పగిలి నారింజ పొక్కులు లేస్తాయి. లేత చెట్టయితే అక్కడితో సరి. కాబట్టి గూస్‌బెర్రీ లేకుండా చేస్తే పైన్ బతుకుతుందని ప్రభుత్వంలో ఎవరికో తోచింది. మా ఐడహో రాష్ట్రం కొండల్లో ఉన్న గూస్‌బెర్రీ పొదలన్నిటినీ వేళ్ళతో సహా పీకించడానికి వందలమందిని పెట్టారు. కొండలన్నీ! దానికన్నా నా బడిలో పిల్లల తలల్లో పేలు ఏరించి ఉంటే పుణ్యమైనా దక్కేది.

పోనీ థర్లో పీకేవాడా అంటే, అదీ కాదు. పీకేవాళ్ళు అడవిలో తెల్లదారాలు లాగి, దారానికీ దారానికీ మధ్య వరసగా నడుస్తూ, కనిపించిన ప్రతి పొదనీ పెరికి, వేళ్ళు పైకి ఉండేలా చెట్టు పంగలో వేలాడదీసేవారు. నేల మీద పడేస్తే మళ్ళీ వేరు పట్టుకుంటుందట. థర్లో వాళ్ళ వెనకాల తాపీగా నడుస్తూ, వాళ్ళు వదిలేసినవి లెక్కపెట్టేవాడు. అదీ అతని ఉద్యోగం. లెక్క మించితే వాళ్ళు ఆ వరసంతా మళ్ళీ నడవాలి. అందుకని వాళ్ళకి అతని మొహం చూస్తేనే తేళ్ళూ జెర్రులూ పాకినట్టుండేది.

"ఏం బీక్‌మన్, పొద్దున నా దుప్పటి దులిపి చూశావా? అందులో ఓ పొద దాక్కుని ఉంటుంది చూడు," అనేవాడు దళం పెద్ద, నలుగురూ వినేటట్టు.

"మీ ఆరో వరసలో రెండున్నర అడుగుల కొమ్మ వదిలేశారు. మళ్ళీ నడవాలి," అనేవాడు ఇతను, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"నీకు పెళ్ళామెందుకు లేదో ఇప్పుడర్థమైందయ్యా."

"ఏడో వరసలో ఒకటిన్నర."

నేనతన్ని మొదటిసారి చూసింది ముప్పై ఆరో సంవత్సరం జూలైలో. మా దగ్గర చలికాలం మంచుకి దారులు మూసుకుపోతాయి కాబట్టి బడి ఏప్రిల్ నుంచి నవంబరు దాకా నడిచేది. అప్పటికి తుప్పు తెగులు మా లోయలోకి రాలేదు. కొండకి అవతలివైపు ఉంది, ఇవతల లేదు. పిల్లలకి దాన్ని గుర్తుపట్టడం నేర్పిస్తే అడవిలో తిరిగేటప్పుడు కనిపెట్టి చెబుతారని ఆఫీసువాళ్ళు ఇతన్ని బడులకి పంపించారు. వచ్చాడు. గేటు దగ్గర ఆగి ఆకు తిప్పి చూశాడు. లోపలికి వచ్చి టోపీ తీసి, చంకలో ఉన్న గాజుమూత డబ్బాని ఎక్కడ పెట్టాలో తెలీక దిక్కులు చూసి, చివరికి పొయ్యి మీద, నా ఎర్రపూల కుండీ పక్కన పెట్టాడు. గది వెచ్చబెట్టే ఆ ఇనప్పొయ్యి వేసవిలో నాకు బల్లలా పనికొచ్చేది.

గంటన్నర మాట్లాడాడు. ముగ్గురు పిల్లలు నిద్రపోయారు. చివరికి, గాజులోంచి ఏమీ సరిగ్గా కనబడటం లేదని వెనకవరస పిల్లలు గోల చేస్తే, కాసేపు తటపటాయించి డబ్బా మూత తీశాడు. ఆరు ఆకులు. పిల్లలు చేతులు మార్చుకుంటూ, తిరగేసి, ఆ నారింజ పొడిని ఉఫ్ఫని ఊదుకుంటూ, ఒకళ్ళ ముక్కుకి ఒకళ్ళు రాసుకున్నారు. ఇతనేమో "జాగ్రత్త, జాగ్రత్త," అంటూ వాళ్ళ వెనకాల కోడిపెట్టలా తిరిగాడు. మూత తియ్యడం నిషేధమని నాకప్పుడు తెలీదు. అతనికి తెలుసు.

వెళ్ళేటప్పుడు నేనే అడిగాను. "ఒక ఆకు ఉంచి వెళ్ళండి, రేపు పిల్లలచేత బొమ్మ గీయిస్తాను."

శ్రద్ధ ఉండి అడిగింది కాదు. మర్నాడు ఏం పాఠం చెప్పాలో తోచక అడిగాను. అతను మాత్రం పొంగిపోయాడు. పదేళ్ళుగా వెక్కిరింపులే తిన్నవాడికి ఒక పంతులమ్మ ఆకు కావాలని అడగడం ఎంత గొప్పో మరి, చెవులు ఎర్రబడ్డాయి.

"ఇవ్వకూడదండీ," అన్నాడు. అంటూనే మైనం కాగితంలో ఒక ఆకు చుట్టి ఇచ్చాడు. "పని కాగానే కాల్చేయండి టీచరుగారూ. బయట మాత్రం పారెయ్యకండి. మర్చిపోరు కదా?"

"మర్చిపోనండీ."

"బయట పారెయ్యకండి."

"వినబడిందండీ ఒకసారి."

మర్నాడు పిల్లలు బొమ్మలు గీశారు. సాయంత్రం నేను పెన్సిల్ చెక్కిన పొట్టూ, చెత్తకాగితాలూ, ఆ ఆకూ కలిపి ఊడ్చి, చేటలోకెత్తి, వెనక కిటికీలోంచి విసిరేశాను. ఒక్క ఆకు కోసం నిప్పు రాజేస్తారా ఎవరైనా? పిచ్చివాడి మాట వింటే నేనూ పిచ్చిదాన్నే అవుతాననుకున్నాను. కిటికీ కింద, మరుగుదొడ్డికి పోయే దారి పక్కన, గూస్‌బెర్రీ పొదలుండేవి. పిల్లలు వాటి కాయలు కోసుకు తినేవారు.

సెప్టెంబరులో ఐడా అనే పిల్ల పరిగెత్తుకొచ్చింది. "మిస్, మిస్! దొడ్డిదారిలో ఆకుల కింద గోధుమరంగు నూగొచ్చింది. ఆ టోపీ ఆయన చెప్పాడే, అచ్చం అలాగే!"

"పోయి ఎక్కాలు రాసుకో," అన్నాను. ఆ రోజు నాకు తలనొప్పిగా ఉంది. అది నిజమే, కానీ తలనొప్పి తగ్గాక కూడా నేను వెళ్ళి చూడలేదు.

మరుసటి ఏడు పీకేదళం మా లోయకి వచ్చింది. బడి వెనక పొదలు ఆకులు విప్పకముందే పెరికి చెట్లకి వేలాడదీశారు. బడిని ఆనుకునే హిల్మా లిండ్‌క్విస్ట్ ఇల్లు. హిల్మా స్వీడన్‌వాళ్ళ మనిషి, విధవ, నోరు పెద్దది. ఆవిడ భర్త మాట్స్‌ని దుంగ దొర్లి చంపేసింది. పోతూ పోతూ ఆయన ఆవిడకి మిగిల్చింది ఆ ఇల్లు, నలభై ఎకరాల లేత పైన్ తోపు. ఒకప్పుడు కార్చిచ్చులో కాలిపోయిన నేల అది. మొలిచిన ప్రతి పైన్ మొక్క చుట్టూ తుప్పలు నరికి, ఎండ తగిలేలా చేసి పెంచాడు మాట్స్. తనకి కాళ్ళు పడిపోయేనాటికి చెట్లు మిల్లుకి అందివస్తాయని, ఒకరి గుమ్మం ఎక్కకుండా బతికి పోతానని హిల్మా కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పేది. ఆవిడకి ఇంకే ఆధారమూ లేదు.

ఆవిడ వంటింటి వెనక మాట్స్ నాటిన గూస్‌బెర్రీ పొదలు ఏడుండేవి. దళంవాళ్ళు ఆరు పీకారు. థర్లో వెనకనుంచి వచ్చి, లెక్కచూసి, ఏడోది చూపించాడు.

"ఏమయ్యా కొంగమెడా," అంది హిల్మా, నడుం మీద చేతులు పెట్టుకుని. "ఆ ఒక్కటీ ఉంటే నీ సొమ్మేం పోయింది? మా ఆయన చేత్తో పెట్టిందది. ఓ మురబ్బా సీసా ఇస్తాను, మీ ఆఫీసుకి పట్టుకెళ్ళి నాకించు."

"మీ పైన్ చెట్ల కోసమేనమ్మా."

"నా చెట్ల సంగతి నీకెందుకురా? నీ మొహానికి ఒక్క చెట్టుందా?"

ఏడోది కూడా పీకించాడు. అయితే హిల్మా అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. ముందురోజే ఒక పిలక తవ్వి, బట్టలుతికే పాత తొట్టిలో పాతి, కోళ్ళగూడు వెనక గోనె కప్పి ఉంచింది. లెక్కపెట్టడమే బతుకుగా బతికినవాడికి అది మాత్రం కనబడలేదు. ఈ సంగతి విని నేను వారం రోజులు నవ్వుకున్నాను.

నలభయ్యో సంవత్సరం మే నెలలో నవ్వు ఆగిపోయింది. హిల్మా తోపులో, బడివైపు చెట్లకి నారింజ పొక్కులు లేచాయి. ముందు పది చెట్లు, వెతికితే అరవై, ఇంకా వెతికితే లెక్కే లేదు. ఆ వారంలోనే ఎవరో ఆవిడ కోళ్ళగూడు వెనక తొట్టినీ అందులో పొదనీ చూశారు. ఇంకేం కావాలి? ఊరికి నేరస్థురాలు దొరికింది. ఆవిడ మురబ్బా పిచ్చికి లోయ లోయంతా నాశనమైపోతోందన్నారు. ఇంటింటికీ ఎంతో కొంత పైన్ ఉంది మరి. ఆదివారం చర్చి విందుకి తలా ఒక వంటకం తెస్తాం. హిల్మా పెద్ద కూజా నిండా కాఫీ, రై రొట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక్కళ్ళు ముట్టుకోలేదు. బల్ల చుట్టూ తిరిగి అన్నీ వడ్డించుకున్నవాళ్ళు ఆ కూజా దగ్గరికి వచ్చేసరికి అడుగు పక్కకి వేశారు. నేనూ వేశాను.

ఆవిడ రొట్టెలన్నీ మళ్ళీ గుడ్డలో చుట్టుకుని, నా దగ్గరికి వచ్చి, "నా చెట్లని నేనే చంపుకున్నానా అమ్మాయ్?" అంది. ఆ నోటినుంచి అంత చిన్న గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నాకేం తెలుసు హిల్మా," అన్నాను.

నాకు తెలుసు. పొక్కులు బడివైపు చెట్లకే లేచాయన్న మాట చెవిన పడినప్పుడే తెలిసింది. అయినా నోరు మెదపలేదు.

జూన్ మొదట్లో ఆఫీసువాళ్ళు థర్లోని పంపారు. అతను ముందు తొట్టి దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పొదలో ఉన్న ఆకులన్నిటినీ ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఊరు సగం కంచెమీద నుంచి చూస్తోంది. గంట పట్టింది. లేచి, ప్యాంటు దులుపుకుని, "శుభ్రంగా ఉంది. మచ్చ లేదు," అన్నాడు. అని, ఆ శుభ్రంగా ఉన్న పొదని వేళ్ళతో సహా పెరికి, ఆవిడ ఆపిల్ చెట్టు పంగలో తలకిందులుగా వేలాడదీశాడు. ఏం మనిషి చెప్పండి! హిల్మా తిట్టిన తిట్లకి పాస్టరుగారు చెవులు మూసుకున్నారు.

తరవాత మూడు రోజులు తోపులోనే ఉన్నాడు. పైన్ చెట్టు ఏటా ఒక చుట్టు కొమ్మలు వేస్తుంది. పొక్కు ఏ చుట్టు దగ్గరుందో, పైనుంచి కిందికి లెక్కపెడితే తెగులు ఏ ఏడాది సోకిందో తెలుస్తుంది. ప్రతి చెట్టు దగ్గరా ఆగి, వేలుతో గాలిలో చుట్లు లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకుని, ఇంకో చెట్టు దగ్గరికి. హిల్మా ఇంటివైపు నుంచి మొదలుపెట్టి, పొక్కులు ఒత్తయ్యే జాడ పట్టుకుని నడుస్తూ నడుస్తూ నాలుగోరోజు నా కిటికీ కిందికి వచ్చి నిలబడ్డాడు. పిల్లల్ని ఇంటికి పంపేశాక లోపలికి వచ్చాడు.

టోపీ చేతిలో తిప్పుతూ, "అన్నీ ముప్పై ఆరులో సోకినవే టీచరుగారూ. ఈ గోడకి ఇరవై అడుగుల్లో ఒత్తుగా ఉన్నాయి. హిల్మాగారి ఇంటివైపు పోయేకొద్దీ పలచబడ్డాయి," అన్నాడు.

"అయితే?"

"ముప్పై ఆరులో ఈ లోయలోకి తెగులాకులు తెచ్చింది నేనొక్కణ్ణే."

అతను కుర్చీలో కూర్చుని, మోకాలి మీద ఫారం పెట్టుకుని, పెన్సిల్ కొస నాలుకతో తడిపాడు.

"మీకు ఒక ఆకిచ్చాను. అదేం చేశారు?"

"కాల్చేశాను," అన్నాను.

"ఎక్కడండీ?"

"ఎక్కడేమిటి? పొయ్యిలో."

పెన్సిల్ ఆగింది. అతను తలెత్తి పొయ్యివైపు చూశాడు. దాని మీద నా ఎర్రపూల కుండీ ఉంది. మళ్ళీ తల దించుకుని, "పొయ్యిలో," అని మెల్లిగా తనలో తను అనుకున్నాడు. ఏదో రాశాడు. లేచి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. బండబుర్ర, నమ్మేశాడు అనుకున్నాను.

పదిరోజుల తరవాత ఆఫీసునుంచి ఒక పెద్దమనిషి వచ్చి, బళ్ళోనే అందర్నీ కూర్చోబెట్టి థర్లో రాసిన కాగితం చదివాడు. థర్లో వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కాగితంలో అతని మాటల్లోనే ఉన్నది ఇంతే: ముప్పై ఆరు జూలైలో నేను తెగులాకులు ఈ లోయలోకి తెచ్చాను. డబ్బా మూత తియ్యకూడదని నియమం, తీశాను. పిల్లల చేతికిచ్చాను. ఆకులు ఆరూ లెక్క చూసుకుని తిరిగి తీసుకుపోయాను. నా టోపీ నుంచో, కోటు నుంచో పొడి రాలి బడి వెనక పొదలకి సోకి ఉండాలి. హిల్మా లిండ్‌క్విస్ట్‌గారి పొదకి దీంతో ఏ సంబంధమూ లేదు. తప్పు నాది.

ఆకులు ఆరూ! నేను నోరు తెరుచుకుని విన్నాను. మూత తీశానని ఒప్పుకున్నవాడు, ఆకు ఇచ్చివెళ్ళానని ఒప్పుకోలేకపోయాడు. అది ఇంకా పెద్ద తప్పని కాబోలు, చల్లగా దాచేశాడు. ఏళ్ళ తరబడి ఊళ్ళోవాళ్ళ పొదల కొలతలు అడుగుల్లో అరడుగుల్లో రాసిన ఈ సత్యసంధుడు తనదాకా వచ్చేసరికి లెక్క తప్పించాడు. పిరికిపంద అనుకున్నాను. ఆ పిరికితనం నాకు ఎంత ఉపయోగపడిందో ఆలోచించకుండా, మనసారా అతన్ని అసహ్యించుకున్నాను.

జనం లేచి అతన్ని తిట్టారు. ఒకడు ఉమ్మేశాడు. దళం పెద్ద కూడా వచ్చి ఉన్నాడు, "ఏం బీక్‌మన్, నీ వరస నువ్వే వదిలేశావే!" అని పడీపడీ నవ్వాడు. హిల్మా ఒక్కతే తిట్టలేదు. ఆవిడ మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. మరుసటి ఆదివారం ఆవిడ కాఫీ కూజా ఖాళీ అయింది.

థర్లో ఉద్యోగం పోయింది. ఇంకోడయితే సిగ్గుతో లోయ వదిలిపోయేవాడు. ఇతను ఎక్కడికీ పోలేదు. ఆ వేసవంతా హిల్మా తోపులో నిచ్చెన వేసుకుని, పొక్కు కాండానికి పాకని చెట్లలో సోకిన కొమ్మలన్నీ ఒక్కొక్కటే కోసి కాల్చాడు. ఆవిడ కింద నిలబడి తిడుతూనే ఉండేది, మధ్యాహ్నం కాగానే రొట్టె పట్టుకొచ్చేది. నలభై ఎకరాల్లో పదమూడు ఎకరాలు నిలిచాయి. హిల్మా ఎవరి గుమ్మమూ ఎక్కకుండానే పోయింది, కాని కడదాకా ఇరుగ్గా, పొదుపుగా, మాంసం వారానికోసారి తిని బతికింది. మిగతా ఇరవై ఏడు ఎకరాలు చచ్చి నిలువునా ఎండటం నా కిటికీలోంచి చూస్తూ నేను పాఠాలు చెప్పాను.

బడి ఊడ్చే పనికి మనిషి కావాలంటే మరుసటి ఏప్రిల్‌లో థర్లోని పెట్టారు. పద్దెనిమిదేళ్ళు చేశాడు. సాయంత్రం ఊడ్చి, చెత్త చేటలోకెత్తి, ఏ ఒక్కరోజూ కిటికీ వైపు వెళ్ళకుండా పెరట్లో ఇనప పీపాలో పోసి కాల్చి, బూడిద చల్లారేదాకా పక్కన నిలబడేవాడు. పిల్లలు వెనకాల అతని నడక నడిచి నవ్వేవారు. నేను వద్దని చెప్పలేదు. ఈ మధ్య ప్రభుత్వం గూస్‌బెర్రీ పీకించడమే మానేస్తోందని, దానివల్ల పెద్ద ఉపయోగమేమీ జరగలేదని అక్కడక్కడా వింటున్నాను. పోయేముందు అతనూ విన్నాడట. "అలాగా," అని, పక్కనున్న కిటికీలో మొక్క ఆకు తిప్పి చూశాడట. ఇంతకన్నా వృథా అయిన బతుకు నేను చూడలేదు.

చర్చివాళ్ళకి రాయనిది ఒకటుంది. అది చెప్పేసి ముగిస్తాను.

అతను బడి పనిలో చేరిన మొదటి ఏడు, మే నెలాఖరు. చలి పోయింది కాబట్టి పొయ్యి గొట్టం దించి, మసి దులిపి, అటక మీద పెట్టాలి. మళ్ళీ సెప్టెంబరు చివర్లో బిగిస్తారు. అప్పటిదాకా పొయ్యికి గొట్టం ఉండదు, నిప్పు పెడితే పొగ గదంతా కమ్ముతుంది. నేను పూలకుండీ పట్టుకుని, పొయ్యి మీద పెట్టుకోవడానికి అతని పని ఎప్పుడవుతుందా అని విసుగ్గా నిలబడ్డాను. గొట్టం ఊడదీసి గోడకి ఆనించి, చేతులు తుడుచుకుంటూ అతనన్నాడు:

"ప్రతి ఏడూ మే నెలాఖరుకే దించేస్తారా టీచరుగారూ? నేను రాకముందు కూడా అంతేనా?"

"అవును. ముందునుంచీ అంతే," అన్నాను. అనేశాక నా చేతుల్లో కుండీ బరువెక్కింది. ఆకు నా చేతికొచ్చింది జూలైలో.

"అనుకున్నాను," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. చుట్లు లెక్కపెట్టినట్టే అన్నాడు. "ఆ ఫారం మీద రాస్తున్నప్పుడే అనుకున్నాను."

"మరి... మరి ఆరూ తిరిగి తీసుకుపోయానని ఎందుకు రాశారు?"

"ఈ మంచులోకి ఇంకో టీచరు వస్తారా అండీ? లెక్కపెట్టేవాడు ఎక్కడైనా దొరుకుతాడు," అన్నాడు. "మూత తీసింది నేనే కదా."

నేను కృతజ్ఞత చెప్పలేదు. ఏడవనూ లేదు. హిల్మా దగ్గరికి వెళ్ళి నిజం చెప్పి ఉండొచ్చు, ఆవిడ ఇంకా పదకొండేళ్ళు బతికింది, చెప్పలేదు. అతను వెంటనే మర్చిపోయినట్టు నటించాడు. నేను మాత్రం మిగిలిన పదిహేడేళ్ళూ అతని నడకనీ, గుడ్డు పెంకుల్నీ, చాచిన మెడనీ చూసి నాలో నేను వెటకారం చేసుకుంటూనే ఉన్నాను. అతన్ని చులకనగా చూడటం మానేస్తే నన్ను నేను చూసుకోవాల్సి వచ్చేది. దానికి నాకు ధైర్యం లేదు.

ఆ రోజు అతను నా చేతుల్లోంచి కుండీ తీసుకున్నాడు. పొయ్యి మీద పెట్టేముందు ఒక ఆకు తిప్పి, అడుగువైపు చూశాడు.